తల్లికిచ్చిన మాట
(టంగుటూరి ప్రకాశం పంతులు విద్యార్థి జీవితం)

నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పండించే గుంటూరు, ప్రకాశం జిల్లాల గ్రామాలలో వేసవి సెలవులు ముగిసే రోజులు కొంత సందడిగాను, కొంత దిగులుగాను ఉంటాయి. పట్టణంలోని కళాశాలకు మరల బయలుదేరే పిల్లవాని పెట్టెలో తల్లి బట్టలతో పాటు పండుమిరప పచ్చడి, గోంగూర సర్దుతుంది. తండ్రి ఫీజుకు కావలసిన పైకం లెక్కించి చేతికిస్తాడు. బస్సు కదిలేవరకు పెద్దలు జాగ్రత్తలు చెబుతూనే ఉంటారు. బస్సు కదిలిన తరువాత ఆ పిల్లవాడు ఎప్పుడు నిద్ర లేస్తాడో, ఎవరితో తిరుగుతాడో, చేతిలోని పైకం దేనికి వెచ్చిస్తాడో చూచేవారు ఉండరు. అంతవరకు ఇల్లు నడిపిన దినచర్యను ఇకపై తానే నడుపుకోవలసి వస్తుంది.

ఈ ప్రాంతం నుండి అటువంటి ప్రయాణాన్ని పలుమార్లు చేసినవారు టంగుటూరి ప్రకాశం పంతులు. మొదట ఒంగోలు నుండి రాజమహేంద్రవరానికి, పిదప మద్రాసుకు, చివరకు ముప్పది రెండేళ్ళ వయస్సులో సంసారాన్ని, సంపాదనను విడిచి లండనుకు ఆయన చదువు కోసమే వెళ్ళారు. సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా తుపాకుల ఎదుట రొమ్ము చూపిన ఆంధ్రకేసరిగా ఆయన అందరికీ తెలుసు. ఇల్లు విడిచిన విద్యార్థిగా ఆయన ఎలా నడుచుకున్నారన్నది తెలిసినవారు తక్కువ. అది మచ్చలేని ఆదర్శ విద్యార్థి కథ కాదు. తన బాల్యపు అల్లరిని, సహవాస దోషాలను ‘నా జీవిత యాత్ర’ అనే స్వీయచరిత్రలో ఆయన దాచుకోకుండా చెప్పుకున్నారు.

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. తాతల కాలం నుండి వస్తున్న కరణీకం ఆ కుటుంబానికి ఆధారం. ఆ ప్రాంతమంతా అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులో చేరింది. ప్రకాశానికి పదకొండేళ్ళ వయస్సులో తండ్రి కన్నుమూశారు. కరణీకపు ఆదాయం పోయింది. ఆరుగురు సంతానంతో సుబ్బమ్మ గారు ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు.

పూటకూళ్ళ ఇల్లు అంటే నేటి భోజనశాల వంటిదే. కచేరీలకు, కోర్టులకు పని మీద పట్టణానికి వచ్చినవారికి డబ్బు తీసుకొని పూటకింత భోజనం పెట్టే ఇల్లు. ఇప్పుడు ఆ వృత్తిలో ఎవరూ తప్పు పట్టరు. ఆనాటి సమాజం మాత్రం అన్నం అమ్ముకోవడాన్ని చిన్నచూపు చూచేది. అందులోను భర్తను కోల్పోయిన స్త్రీ పదిమంది పరాయివారికి వండి వడ్డించడం మరింత కష్టమైన విషయం. సుబ్బమ్మ గారు ఆ మాటలు పడ్డారు. పొయ్యి మాత్రం ఆర్పలేదు. తెల్లవారకముందే లేచి, వచ్చిన వారందరికీ వేళకు అన్నం పెట్టి, వచ్చిన డబ్బులో ఇల్లు గడిపే తల్లిని చూస్తూ ప్రకాశం పెరిగారు. శ్రమ అంటే ఏమిటో ఎవరూ ఆయనకు ప్రత్యేకంగా బోధించనక్కరలేకపోయింది.

ఆ ఆదాయం చాలలేదు. అందుచేత ప్రకాశం వారాలు చేసుకొని చదువుకున్నారు. ఈ తరం విద్యార్థులకు ఆ మాట కొత్త కావచ్చు. పేద విద్యార్థి ఊరిలోని ఏడు ఇళ్ళను ఆశ్రయించి, సోమవారం ఒకరి ఇంట, మంగళవారం మరొకరి ఇంట భోజనం చేస్తూ చదువు సాగించే పద్ధతికి వారాలు చేసుకోవడం అని పేరు. ఆ పద్ధతిలో దయ ఉంది, ఒక క్రమశిక్షణ కూడా ఉంది. ఏ రోజు ఎవరి ఇంటికి పోవాలో మరువకూడదు. వేళ తప్పి పోకూడదు. పెట్టినది వంక పెట్టకుండా తినాలి. ఆ ఇంటివారికి ఇబ్బంది కలిగే రోజున మాట మాట్లాడకుండా పస్తుండాలి. ఒకరి దయపై బ్రతికే బాలుడు ఎంత చిన్నబుచ్చుకోవలసి వచ్చేదో ఆ పద్ధతిని మెచ్చుకునేవారు తలచుకోవడం మంచిది. తెలుగుదేశంలో ఎందరో పెద్దలు ఆ మెట్టు మీదుగానే పైకి వచ్చారన్నది కూడా నిజమే.

పరీక్ష ఫీజు సంగతి ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ఆ ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో మూడు రూపాయలు లేవు. సుబ్బమ్మ గారు తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ పైకం తెచ్చారు. పూటకూళ్ళ ఇంటిలో ఎంతమందికి వడ్డిస్తే మూడు రూపాయలు మిగులుతాయో తెలిసిన పిల్లవాడికి ఆ ఫీజు విలువ వేరుగా చెప్పవలసిన పనిలేదు.

అయినా ఆ బాలుడు బుద్ధిమంతుడు కాలేదు. ఇక్కడే ఈ కథ మామూలు జీవితచరిత్రలకు భిన్నంగా సాగుతుంది. తల్లి కష్టం కళ్ళారా చూచిన పిల్లలందరూ వెంటనే పుస్తకాలకు అతుక్కుపోతారని మనం అనుకుంటాం. ప్రకాశం అల్లరి జట్లతో తిరిగారు. నాటకాలంటే చెవి కోసుకునేవారు. తెలివి ఉంది, ధైర్యం ఉంది, చక్కని రూపం, కంఠం ఉన్నాయి. వాటిని ఒక దారిన నడిపే అలవాటు లేదు. తల్లి పగలంతా పొయ్యి దగ్గర ఉంటే ఈ పిల్లవాని వెంట ఎవరు తిరుగుతారు?

ఆ లోటు తీర్చినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఆయన ఒంగోలులో ప్రకాశానికి చదువు చెప్పిన ఉపాధ్యాయులు. నాటక కళపై అమితమైన మక్కువ గలవారు. శిష్యునిలోని చురుకుదనాన్ని, దానితోపాటు దారి తప్పే స్వభావాన్ని కూడా ఆయన గుర్తించారు. తమ మకాం రాజమహేంద్రవరానికి మార్చుకున్నప్పుడు ప్రకాశాన్ని వెంట తీసుకొని వెళ్ళారు. ఆ కాలానికి ఒంగోలుకు రైలుమార్గం లేదు. మద్రాసు నుండి బెజవాడ వరకు తీరం వెంబడి రైలు దారి 1899లో గాని పూర్తి కాలేదు. నడక, ఎడ్లబండి, కాలువలపై పడవ, ఇవే సాధనాలు. ఒంగోలు నుండి గోదావరి ఒడ్డుకు పోవడమంటే ఇంటికి మరల ఎప్పుడు వస్తామో తెలియని ప్రయాణమే.

రాజమహేంద్రవరం అప్పటికే విద్యకు, సంస్కరణకు పేరుపడిన పట్టణం. కందుకూరి వీరేశలింగం పంతులు కార్యక్షేత్రం అదే. అక్కడ ప్రకాశం ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. నేటి ఇంటర్మీడియట్‌కు అది ఆనాటి సమానమైన చదువు. అంటే మీరిప్పుడు ఉన్న మెట్టు మీదనే ఆయన అప్పుడు ఉన్నారు.

ఇల్లు మారినంత మాత్రాన స్వభావం మారదు. రాజమహేంద్రవరంలోనూ ప్రకాశాన్ని నాటకాలు వదలలేదు. అయితే అక్కడ నాటక సమాజాన్ని నడిపినవారు నాయుడు గారే. చిలకమర్తి లక్ష్మీనరసింహం వంటి ప్రతిభావంతుడు యువకుడుగా ఉన్న రోజులలో ఆ సమాజం కోసం నాటకాలు రచించారు. ప్రకాశం వాటిలో వేషాలు వేశారు. నాయుడు గారి విజ్ఞత ఇక్కడ గమనించదగినది. శిష్యుని చేత ఆయన నాటకం మాన్పించలేదు. మాన్పించబోతే చాటుగా వేరే చోట వేసి ఉండేవాడు. తమ కనుసన్నలలోనే వేయించి, చదువు మాత్రం ఆగకుండా చూచారు. ఉత్సాహం గల పిల్లవానికి నిషేధం కన్న నీడ మేలు చేస్తుందని ఆ ఉపాధ్యాయులకు తెలుసుననిపిస్తుంది. రంగస్థలంపై గొంతెత్తి మాట్లాడిన అలవాటు, వందలమంది ఎదుట బెదరకుండా నిలిచిన అలవాటు, తరువాత న్యాయస్థానంలోనూ బహిరంగ సభలలోనూ ఆ శిష్యునికి అక్కరకు వచ్చాయి.

పిదప నాయుడు గారే ప్రకాశాన్ని మద్రాసుకు పంపి న్యాయశాస్త్రం చదివించారు. ఆ మధ్యలో, 1890లో, ప్రకాశానికి తన అక్క కుమార్తె హనుమాయమ్మతో వివాహం జరిగింది. చదువు ముగించి రెండవ తరగతి ప్లీడరు అయ్యారు. కొంతకాలం ఒంగోలులో పనిచేసి, 1894లో రాజమహేంద్రవరం చేరి వృత్తి ప్రారంభించారు. ప్రాక్టీసు త్వరలోనే పుంజుకుంది. పూటకూళ్ళ ఇంటి పిల్లవాని చేతిలో ధనం ఆడసాగింది. పట్టణ రాజకీయాలలో దిగి 1899లో పురపాలక సంఘ సభ్యులయ్యారు. కొద్దికాలానికే అధ్యక్ష పదవి కూడా చేపట్టారు. ఆ పదవి కీర్తిని ఎంత తెచ్చిందో కక్షలను అంతే తెచ్చింది.

ఇంతవరకు ప్రకాశం చదువు వెనుక ఎప్పుడూ మరొకరు ఉన్నారు. ఒంగోలులో తల్లి, ఆ తరువాత నాయుడు గారు. ఇప్పుడు చెప్పబోయే చదువు అటువంటిది కాదు.

ఆ రోజులలో న్యాయవాదులలో అంతస్తులు ఉండేవి. రెండవ తరగతి ప్లీడరు క్రింది కోర్టులలో మాత్రమే వాదించగలడు. ఎంత ప్రతిభ ఉన్నా హైకోర్టు తలుపు అతనికి తెరచుకోదు. బారిస్టరు అయినవానికి ఆ అడ్డు లేదు. ప్రకాశం వాదనా పటిమను చూచిన ఒక బారిస్టరు, ఇంగ్లండు పోయి ఆ చదువు చదువవలసిందని సలహా ఇచ్చారు. ప్రకాశానికి ఆ మాట మనస్సుకు పట్టింది.

సలహా పాటించడం తేలిక కాదు. ఆయనకు ముప్పది రెండేళ్ళు. ఇంట భార్య, తల్లి, తనపై ఆధారపడినవారు ఉన్నారు. వృత్తి మంచి ఊపులో ఉంది. విదేశాలకు వెళ్ళితే ఆ ఆదాయమంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. పైగా ఖర్చు మొదలవుతుంది. సముద్రం దాటినవాడు ఆచారభ్రష్టుడని పెద్దలు వెలివేయడానికి వెనుకాడని కాలం అది. వీటన్నిటినీ మించి మరొక చిక్కు ఉంది. పట్టణ పురపాలక సంఘానికి పెద్దగా వ్యవహరించి, కక్షిదారుల చేత దండాలు పెట్టించుకున్న మనిషి మరల బల్ల మీద కూర్చొని, తనకన్న పదేళ్ళు చిన్నవారితో కలిసి పాఠం వినాలి. వయస్సు వచ్చిన తరువాత చదువుకు తిరిగి వెళ్ళేవారికి పుస్తకం కన్న ఈ అభిమానమే పెద్ద అడ్డు. ప్రకాశం దానిని లెక్కచేయలేదు. 1904లో ఓడ ఎక్కారు.

బయలుదేరే ముందు తల్లికి ఆయన ఒక మాట ఇచ్చారు. మాంసం ముట్టనని, మద్యం త్రాగనని, పొగ త్రాగనని.

ఈ మాటను కొంచెం నిలిచి చూడవలసి ఉంది. బాగా చదువుతానని, మంచిగా ఉంటానని ఎందరో పిల్లలు ఇల్లు విడిచేటప్పుడు చెబుతారు. అటువంటి మాటను నిలుపుకున్నామో తప్పామో సాయంత్రానికి ఎవరూ తేల్చి చెప్పలేరు. సుబ్బమ్మ గారు కొడుకు వద్ద తీసుకున్న మాట అలాంటిది కాదు. అందులో ఉన్నవి మూడే విషయాలు. మూడూ చేతితో పట్టుకొని నోటి వరకు తీసుకుపోవలసినవే. ఏ పూటకు ఆ పూట, కంచం ముందు కూర్చున్నప్పుడు, మాట నిలిచిందా తప్పిందా అన్నది ఇచ్చినవానికి స్పష్టంగా తెలిసిపోతుంది. పెద్ద చదువులు చదువుకోని ఆ తల్లి, జీవితమంతా అన్నం వడ్డించిన ఆ తల్లి, కొడుకు ఎక్కడ జారిపోగలడో సరిగ్గా ఆ చోటనే ముడి వేశారు.

సరిగ్గా పదహారేళ్ళకు ముందు మరొక యువకుడు ఇదే విధంగా తల్లికి మాట ఇచ్చి లండనుకు వెళ్ళాడు. అతడు మోహన్‌దాస్ గాంధీ. 1888లో రాజకోటలో ఒక జైన సాధువు సమక్షంలో మద్యం, మాంసం, స్త్రీ సంగమం ముట్టనని ప్రమాణం చేసిన తరువాతనే తల్లి పుత్లీబాయి ఆయనకు అనుమతి ఇచ్చింది. అప్పటికి గాంధీకి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ప్రకాశం ముప్పది దాటినవారు, లోకం చూచినవారు, సొంతంగా సంపాదిస్తున్నవారు. తల్లి అడిగినా నవ్వి ఊరుకొనగల వయస్సు. ఆయన ఊరుకొనలేదన్నదే విశేషం.

లండనులో ఆ మాటకు పరీక్ష ఎక్కడ ఎదురయ్యేదో తెలియాలంటే ఆ చదువు పద్ధతి కొంత తెలియాలి. ఇంగ్లండులో బారిస్టరు కాగోరే విద్యార్థి ఇన్ అనే పేరు గల నాలుగు ప్రాచీన న్యాయవిద్యా సంస్థలలో ఒకదానిలో చేరాలి. ఆ రోజులలో రోమన్ న్యాయం మొదలుకొని ఆంగ్ల ఆస్తి చట్టం వరకు పరీక్షలు వ్రాయవలసి ఉండేది. అంతేకాదు, ప్రతి కాలపరిమితిలోను నిర్ణీత సంఖ్యలో విందులకు ఆ సంస్థ భోజనశాలకు హాజరు కావలసి ఉండేది. ఎన్ని విందులకు హాజరైనదీ లెక్క ఉండేది. లెక్క తక్కువైతే పట్టా వచ్చేది కాదు. వెనుకటి రోజులలో విద్యార్థులు పెద్ద న్యాయవాదుల సరసన కూర్చొని మాటతీరు, మర్యాద నేర్చుకొనేందుకు ఏర్పడిన ఆచారం అది. విందులో వడ్డించేది ప్రధానంగా మాంసం. నలుగురేసి విద్యార్థులను ఒక జట్టుగా కూర్చోబెట్టి, ఆ నలుగురికీ కలిపి ద్రాక్షసారా సీసాలు ఇచ్చేవారు. తాగని గాంధీని తమ జట్టులో చేర్చుకొనడానికి తోటి విద్యార్థులు పోటీ పడేవారట. అతని వాటా మిగిలిన ముగ్గురికీ దక్కుతుంది కదా!

పరీక్షకు చదవడం కోసం గదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి ఎవరి ఒత్తిడీ ఉండదు. అందరూ తింటున్న చోట తినకుండా, అందరూ తాగుతున్న చోట తాగకుండా కూర్చొని, అయినా ఎవరినీ నొప్పించకుండా లేచి రావడం వేరు. ఆ పని ఒకసారి చేయడం కష్టం. రెండవసారి కొంత సులభం. మూడు నెలల తరువాత ఎదుటివారే అడగడం మానుకుంటారు. చలి దేశంలో మాంసం, మద్యం లేకుండా బ్రతకలేమని భయపెట్టినవారు ప్రతి భారతీయ విద్యార్థికీ ఎదురైన రోజులు అవి. రొట్టె, బంగాళాదుంప, పాలు, పండ్లతో ఏళ్ళు గడిపినవారూ ఆనాడు ఉన్నారు. శాకాహార భోజనశాలలు కూడా లండనులో అప్పటికే ఉండేవి.

ప్రకాశం అక్కడ చదువుకే అంకితమై లోకానికి కన్నులు మూసుకోలేదు. భారతీయ విద్యార్థుల సంఘంలో చేరారు. వృద్ధుడైన దాదాభాయి నౌరోజీ 1906 ఎన్నికలలో లండనులోని నార్త్ లాంబెత్ స్థానం నుండి పార్లమెంటుకు పోటీ చేసినప్పుడు ఆయన పక్షాన పనిచేశారు. నౌరోజీ గెలవలేదు. కాని భారతదేశపు పేదరికానికి లెక్కలు కట్టి పాలకులను నిలదీసిన ఆ మహనీయుని కోసం పనిచేసిన అనుభవం ప్రకాశానికి మిగిలింది. నాటకాల రోజులలో చదువును పక్కకు నెట్టిన ఉత్సాహమే ఇప్పుడు చదువుతో కలిసి నడిచింది. ఆయన బారిస్టరు పరీక్షలో ప్రశంసాపత్రంతో ఉత్తీర్ణులై స్వదేశానికి తిరిగి వచ్చారు.

ఈ ప్రాంతం నుండి విదేశాలకు పోయి న్యాయవిద్య నేర్చినవారు ప్రకాశం ఒక్కరే కాదు. ‘మాలపల్లి’ నవల రచించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు సీమలోని వేములూరుపాడులో జన్మించి, డబ్లిన్ నగరంలో బారిస్టరు చదివారు. కాని పొట్టకూటికి వారాలు చేసుకున్న బాలుడు అంత దూరం పోయి రావడం అరుదైన సంగతే.

మద్రాసు హైకోర్టులో ప్రకాశం పేరు త్వరలోనే మారుమ్రోగింది. ఇంగ్లీషువారు, తమిళులు ముందు వరుసలో ఉన్న ఆ న్యాయస్థానంలో ఒక తెలుగువాడు అగ్రశ్రేణి న్యాయవాదిగా నిలిచారు. ‘లా టైమ్స్’ అనే న్యాయ పత్రికకు సంపాదకులయ్యారు. 1907లో బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చినప్పుడు ప్రభుత్వానికి జంకి పలువురు వెనుకాడగా, ఆయన సభకు అధ్యక్షత వహించారు. వృత్తిలో ఆయన ఆర్జించిన ధనం లక్షలలో ఉండేది.

ఇక ఈ కథలో అంతగా చెప్పుకోని భాగం ఉంది. చదువులో, ఆహారంలో, ధైర్యంలో నియమం తెచ్చుకున్న ప్రకాశం ధనం విషయంలో మాత్రం ఏనాడూ నియమం తెచ్చుకోలేదు. చేతికి వచ్చినది చేతిలో నిలిచేది కాదు. అడిగినవారికి ఇచ్చేవారు, తలపెట్టిన పనికి వెనుకముందు చూడకుండా ఖర్చు చేసేవారు. 1921లో న్యాయవాద వృత్తి వదిలివేసి, అదే సంవత్సరం ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించారు. అది ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో వెలువడింది. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి ప్రసిద్ధ పాత్రికేయులు ఆ పత్రికలో తయారయ్యారు. ఆయన ఆర్జించిన ఆస్తి అంతా ఆ పత్రికకు ధారపోశారు. దశాబ్దానికి పైగా నడిచి, చివరకు ఆర్థిక బాధలతోనే అది ఆగిపోయింది.

దీనిని త్యాగమని ఆయన అభిమానులు కొనియాడుతారు. అది త్యాగమే, అందులో సందేహం లేదు. కాని ఆ త్యాగం చేసిన మనిషి తరువాతి కాలంలో తన రోజువారీ అవసరాలకు ఇతరులు ఇచ్చే సహాయంపై ఆధారపడవలసి వచ్చిందన్నది కూడా నిజం. ప్రజలు సమర్పించిన విరాళాలను స్వీకరించినందుకు స్వపక్షం వారి నుండే విమర్శలు వచ్చాయి. గాంధీజీ కూడా దానిని ఆక్షేపించారు. మూడు రూపాయల కోసం తల్లి పట్టుచీర తాకట్టు పెట్టిన రోజును ఎరిగిన మనిషి డబ్బును కూడబెట్టడం నేర్చుకోలేదే అని మనకు ఆశ్చర్యం కలుగుతుంది. బహుశా అందుకే నేర్చుకోలేదేమో! పేదరికం కొందరికి పొదుపు నేర్పుతుంది, మరికొందరికి ధనం పట్ల నిర్లక్ష్యం నేర్పుతుంది. సుబ్బమ్మ గారు తీసుకున్న మాటలో మూడు విషయాలే ఉన్నాయి. ఖర్చుకు లెక్క వ్రాయమని ఆమె అడగలేదు.

ఆ తరువాతి జీవితం చరిత్ర పుటలలో ఉన్నదే. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు హైకోర్టు సమీపంలో పోలీసు కాల్పులకు ఒక యువకుడు బలి అయ్యాడు. ఆ శవాన్ని చూడబోయిన ప్రకాశాన్ని సిపాయిలు తుపాకులు చూపి అడ్డగించగా, ఆయన చొక్కా తొలగించి గుండె చూపారు. అప్పటికి ఆయన వయస్సు యాభై అయిదు. ఆంధ్రకేసరి అనే బిరుదు ఆ ధైర్యానికి స్థిరమైన పేరుగా నిలిచింది. 1937లో మద్రాసు రాష్ట్ర రెవిన్యూ మంత్రి అయ్యి జమీందారీ వ్యవస్థపై విచారణ సంఘానికి నాయకత్వం వహించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 నుండి 1945 వరకు జైలులో ఉన్నారు. 1946 ఏప్రిల్ నుండి 1947 మార్చి వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆయనే. అప్పుడు ఆయనకు ఎనభై ఒక్క సంవత్సరాలు.

ఆ పదవి పదమూడు నెలలే నిలిచింది. పదవి పోవడానికి కారణమైన సమస్య మద్యనిషేధం కావడం ఒక వింత. నిషేధం ఆశించిన ఫలితమివ్వలేదని, దానిని ఎత్తివేయవచ్చునని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం అభిప్రాయపడింది. ప్రభుత్వం ఆ సూచనను అంగీకరించలేదు. ఉపాధి కోల్పోయిన కల్లుగీత కార్మికుల ఆందోళన ఒక వైపు, శాసనసభలో ప్రతిపక్షాల పట్టుదల మరొక వైపు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఒక మనిషి తనకై తాను తీసుకున్న నియమం వేరు, కోట్లమందిపై చట్టంగా పెట్టిన నియమం వేరు. ఆ రెండింటి ఫలితాలు ఒకే విధంగా ఉండవని ఆ ఓటు తెలిపింది.

ఆ కొద్ది కాలంలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నెలకొన్నది. కృష్ణానదిపై విజయవాడ వద్ద పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది. నేడు గుంటూరు వైపు డెల్టా పొలాలకు నీరందించే ఆ బ్యారేజీ ప్రకాశం పేరుతోనే ఉంది.

పదవి పోయిన తరువాత కూడా ఆయన ఇంట కూర్చోలేదు. 1957 వేసవిలో, ఎనభై నాలుగేళ్ళ వయస్సులో, ఒంగోలు సమీపంలోని ఒక దళితవాడలో పర్యటించారు. ఒంగోలు ప్రాంతపు ఎండలు ఎటువంటివో అక్కడివారికి చెప్పనక్కరలేదు. మిరప కల్లాలలో కాయ గలగలలాడే ఆ ఎండకు పడుచువారే నీడ వెదుక్కుంటారు. ఆయన వడదెబ్బకు గురై హైదరాబాదు ఆసుపత్రిలో చేరారు. మే 20న అక్కడే కన్నుమూశారు. కూడబెట్టిన ఆస్తి ఏదీ ఆయన వెనుక మిగలలేదు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలను కలిపి 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లాను ఏర్పాటు చేశారు. ఆయన పుట్టి నూరేళ్ళు నిండిన 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు.